ఆరో మైలు బాలశౌరి

రోడ్డు మీద నడిచేవాడికి రోడ్డు గురించి ఏమీ తెలియదని మా శాఖలో ఒక గట్టి నమ్మకం ఉండేది. తెలియాలంటే కనీసం జీపు ఉండాలి. జీపు లేని బాలశౌరికి పదకొండేళ్ళ నౌకరీలో ఏమీ తెలియకుండానే పోయింది పాపం. ఆ శాఖ సెక్షనాఫీసులో గుమస్తాగా ముప్పై రెండేళ్ళు కుర్చీ అరగదీసినవాణ్ణి, నా మాట నమ్మండి.

బాలశౌరి గ్యాంగు కూలీ. మాచర్ల వైపు పోయే కంకర రోడ్డులో ఐదో మైలు నుంచి ఏడో మైలు దాకా గుంటలు పూడ్చడం, అంచులు చెక్కడం, పక్క కాలవలు తీయడం అతని పని. సర్కారు అతనికి ఒక పార, ఒక గునపం, ఒక తట్ట, ఒక ఖాకీ చొక్కా ఇచ్చింది. చెప్పులు ఇవ్వలేదు. అదీ ఒకందుకు మంచిదే అయింది, అతని చదువంతా అరికాళ్ళలోనే ఉంది మరి. లారీ పోయిన వెంటనే దాని వెనకాల నాలుగడుగులు వేసి, "ఇక్కడ లోపలికి నీళ్ళు దిగతన్నయ్యి" అనేవాడు. తవ్వి చూస్తే దిగుతూనే ఉండేవి.

సాగరు డ్యాము పని మొదలయ్యాక ఆ రోడ్డుకి చెడ్డరోజులొచ్చాయి. ఎడ్లబండ్ల కోసమూ, దొరల గుర్రాల కోసమూ వేసిన దారి మీద సిమెంటు లారీలు, ఇనప చువ్వల లారీలు పడ్డాయి. ఆరో మైలు దగ్గర వాగు మీద గానుగసున్నంతో కట్టిన పాత రాతి తూము ఉంది. అరవై ఒకటి ఎండాకాలంలో ఒకరోజు బాలశౌరి దాని మీద గునపం నిలబెట్టి పొడిచి చూశాడు. గుల్లగా పలికింది. కిందికి దిగి చూస్తే ఎడమపక్క గోడ బెత్తెడు బయటికి జరిగి ఉంది. పార అక్కడే పడేసి ఆరు మైళ్ళు నడిచి ఆఫీసుకొచ్చాడు.

"అయ్యా, ఆరో మైలు తూము ఈ వానలకి ఆగదు. మా ఫిలోమినా రోజూ డ్రైవరు మౌలాలీ బస్సులో దాని మీద నుంచే మాచర్ల బడికి పోద్ది. బస్సులో చానా మంది పిల్లకాయలుంటారు. కాస్త రాసుకోండయ్యా" అన్నాడు.

ఫిలోమినా అతని ఒక్కగానొక్క కూతురు. వాళ్ళ ఇంట్లో ఎనిమిదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి.

"నాతో చెబితే ఏమొస్తుంది, ఓవర్సీరుగారితో చెప్పు" అన్నాను.

ఓవర్సీరు చెన్నకేశవరావు అప్పుడే హైదరాబాదు నుంచి దిగాడు. రోడ్ల నాణ్యత ఎట్లా పరీక్షించాలో పది రోజులు నేర్పించి, ఒక సర్టిఫికెట్టు ఇచ్చి పంపారు. దానికి అద్దం కట్టించి కుర్చీ వెనక తగిలించాడు. అంత నేర్చుకొచ్చినవాడికి ఒక కూలీ వచ్చి తూము సంగతి చెప్పడమా!

"ఒరేయ్, ఆ తూము నీ తాత పుట్టకముందు కట్టింది. నీకంటే గట్టిది. పోయి గడ్డి చెక్కు" అన్నాడు.

బాలశౌరి మళ్ళీ రెండుసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా నేను తల ఎత్తి, విని, తల దించుకున్నాను. నోటిమాటకి నంబరుండదు. నంబరు లేనిది మా ఆఫీసులో జరగనట్టే లెక్క.

జూన్ మొదట్లో పైనుంచి కొత్త ఫారాలొచ్చాయి. జిల్లాలో ఉన్న ప్రతి రోడ్డునీ, ప్రతి తూమునీ చూసి గుడ్డో, ఫేరో, బ్యాడో రాయాలి. బ్యాడ్ అని తేలినవాటికి ముందుగా డబ్బు మంజూరవుతుంది. ఇంగ్లీషులో నాలుగో పేజీ అడుగున ఈ ముక్క ఉంది. నేను చదివాను. చెన్నకేశవరావూ చదివాడు. చదివి, "మన సెక్షన్లో బ్యాడ్ అని పడితే ముందు నాకు మెమో పడుద్దయ్యా" అన్నాడు. గ్యాంగు కూలీలకి మాత్రం పెద్ద ఇంజనీరుగారు తనిఖీకి వస్తున్నారని కబురుపెట్టాడు, అంతే.

తనిఖీ అంటే గ్యాంగులో ఒక ఆనవాయితీ ఉంది. పెళ్ళివారు వచ్చే ఇల్లు ఎట్లా సర్దుతారో మైలుని అట్లా సర్దుతారు. గుంటలన్నీ పూడ్చి ఎర్రమట్టి పరుస్తారు, మైలురాళ్ళకి సున్నం వేస్తారు. మూడు రోజుల పాటు బాలశౌరి, అతని భార్య ఆరోగ్యమ్మ పొద్దున్నుంచీ పొద్దుగూకే దాకా అదే పనిలో ఉన్నారు. తూము పిట్టగోడలో నెర్రెలుంటే సున్నం కూరి, నున్నగా మెత్తి, తెల్లగా వెల్ల వేశారు.

జీపు వచ్చింది. ఆరో మైలు దగ్గర ఆగింది కూడా. పెద్ద ఇంజనీరుగారు దిగకుండానే కళ్ళజోడు సవరించుకుని, "బ్యూటిఫుల్" అన్నారు. బాలశౌరి చేతులు కట్టుకుని, "కింద గోడ..." అనబోయాడు. చెన్నకేశవరావు కళ్ళురిమాడు. జీపు వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఫారంలో ఆరో మైలు తూముకి ఎదురుగా గుడ్ అని రాసింది ఈ చెయ్యే. దస్తూరీ బాగుందని నన్ను మెచ్చుకున్నారు కూడా.

ఆ తర్వాత ఒకసారి అడిగాను. "ఏందయ్యా శౌరీ, పోయే తూముకి వెల్ల ఎందుకేశావు?"

"పెద్దోళ్ళొస్తంటే ఇల్లు బాగాలేదని ఎట్టా చూపిచ్చేది అయ్యా? సిగ్గు కాదూ?" అన్నాడు. బాగాలేదని చూపిస్తేనే బాగుచేస్తారని అతనికి ఎవరు చెప్పారు గనక! చెప్పవలసినవాణ్ణి నేనే. నా నోట్లో ఏం అడ్డంపడిందో నాకే తెలియదు.

సెప్టెంబరులో రెండు రోజులు ఎడతెగని వాన పట్టింది. మూడో రోజు పొద్దున వాగు పొంగుతుంటే బాలశౌరి తూము ముందు రోడ్డుకడ్డంగా నిలబడ్డాడు. తలగుడ్డ విప్పి ఊపుతున్నాడు. మౌలాలీ బస్సు వచ్చి ఆగింది.

"ఏంది మామా, తాగావా? తప్పుకో!" అని డ్రైవరు మౌలాలీ అరిచాడు.

"దీని మీద పోనీయను. కావాలంటే నా మీద నుంచి పో."

బస్సులో జనం తిట్టారు. కండక్టరు దిగి రెక్క పట్టుకుని లాగాడు. కిటికీలో నుంచి ఫిలోమినా తల బయటికి పెట్టి, సిగ్గుతో ఏడుస్తూ, "నాయనా, పరీచ్చ ఉంది నాకు! జరుగు నాయనా!" అంది. అతను కదల్లేదు. కాసేపటికి ఎడమ గోడ ముందు కూలింది, ఆ వెనకే తూము నడిమి భాగం వాగులోకి దిగిపోయింది. మౌలాలీ స్టీరింగు మీద తల పెట్టుకుని చాలాసేపు లేవలేదట.

మా శాఖ చలించిపోయింది. నలభై మంది బతికారని కాదు, గుడ్ అని రాసిన తూము కూలిందని. విచారణ పెట్టారు. అందులో తేలింది ఇది: జూన్లో తూము గుడ్. సెప్టెంబరులో లేదు. ఆ మధ్యలో దాన్ని చూసుకోవలసినవాడు బాలశౌరి. కాబట్టి నిర్లక్ష్యం అతనిది. దీనికి తోడు అనుమతి లేకుండా వాహనాన్ని ఆపడం ఇంకో నేరం. ఎంత చక్కటి తర్కమో చూడండి, ఎక్కడా ఒక్క నెర్రె లేదు.

"ఇతను ముందుగా ఎప్పుడైనా చెప్పాడా?" అని విచారణాధికారి నన్నడిగాడు. బాలశౌరి గుమ్మం దగ్గర నిలబడి నా వంక చూస్తున్నాడు.

"ఫైల్లో కాగితమేమీ లేదండీ" అన్నాను.

అబద్ధం కాదు. అంత సిగ్గుమాలిన నిజం నేను నా జన్మలో మళ్ళీ చెప్పలేదు.

నౌకరీ తీసేశారు. ఆ ఆర్డరు అందినట్టు వేలిముద్ర వేయించుకోవలసింది కూడా నేనే. బాలశౌరి ఖాకీ చొక్కా ఉతికి, మడతపెట్టి, పారా గునపంతో పాటు తెచ్చి అప్పగించాడు. ఎక్కడ చూపిస్తే అక్కడ బొటనవేలు అద్దాడు. వేలికంటిన సిరా తలకి రాసుకుని, వెళ్ళబోతూ ఆగాడు.

"అయ్యా, ఏడో మైలు తూము కూడా గుల్లగా పలకతంది. మీరు రాసుకోరా ఏంది?"

నాకు ఏడుపొచ్చింది. తెల్లకాగితం తీసి, తారీఖు వేసి, అతను చెప్పింది చెప్పినట్టు రాశాను. నంబరు కూడా వేశాను. పదకొండేళ్ళలో అతని మాట మా ఆఫీసు కాగితం మీదికెక్కడం అదే మొదటిసారి. సిరా పెట్టె మళ్ళీ తెరిచి అతని ముందుకి జరిపాను.

బాలశౌరి బొటనవేలు చాచి, ఆపేశాడు.

"నౌకరీ లేనోడి ముద్ర చెల్లుద్దా అయ్యా?" అన్నాడు.