గూళ్ల బాడుగ

పెనుకొండలో మా వీధి చివర పట్టుదారం తీసే షెడ్డు నడిపిన పెద్దాయనకు ఒక అలవాటుండేది. వ్యాన్ రాగానే బస్తాలోంచి ఒక పట్టుగూడు తీసి, చెవి దగ్గర ఆడించేవాడు. లోపల పురుగు గలగలమంటేనే బస్తా దింపించేవాడు.

సొంత జాగా ఉందని, ధర్మవరం మగ్గాలకు దగ్గరని షెడ్డును హిందూపురం నుంచి ఇక్కడికి మార్చాడు. ఆ రోజు తేదీ కింద నా డైరీలో ‘పాయసం పెట్టారు’ అని ఉంది. కానీ ధర్మవరానికి పోయే దారం ఒక్క సంచి. అది బస్సులోనే పోతుంది. ఆ సంచెడు దారానికి హిందూపురం మార్కెట్ నుంచి వ్యాన్ నిండా గూళ్లు రావాలి. వచ్చే లాభమంతా వ్యాన్ బాడుగకే పోయేది.

“ఏమప్పా, మగ్గాలకు దగ్గరైతివి, గూళ్లకు దూరమైతివే!” అనేవాడు డ్రైవరు.

“నీ కడుపు నిండుతాండాది గదా, నువ్వు మాట్లాడాకబ్బా,” అని ఆయన నవ్వేవాడు.

రెండేళ్లకు షెడ్డు మూశాడు. నేను వెళ్లేసరికి గూళ్లు ఉడికించే పొయ్యి చల్లారి ఉంది, దాని ముందు కూర్చుని ఉన్నాడు. ఇక ఏం చేస్తావని అడిగాను.

“గూళ్లను ఈడికి తెచ్చుకోలేకపోతి సార్. రేపట్నుంచి నేనే గూళ్ల కాడికి పోతాండా. హిందూపురంలో ఒగాయప్ప షెడ్డులో, కూలికి.”