కొలతకు పెట్టుకున్న రక్తం

పరీక్షశాలలో అందరూ ఆమెను స్లైడక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా చీకటి గదిలో మైక్రోస్కోపుకు కళ్ళు అప్పగించిన మనిషి మరి. రోగి రక్తం పక్కన పెట్టి పోల్చడానికి ఆరోగ్యవంతుల రక్తం ఒకటి కావాలి. సూది అనగానే అందరికీ పనులు గుర్తొచ్చేవి. "నాకేం, రాయిలా ఉన్నాను" అంటూ స్లైడక్కే చెయ్యి చాపేది.

కణం నడుమ ఉండే కేంద్రకంలో జన్యువుల నుంచి సందేశాలు తయారవుతాయి. తప్పు దొర్లినవాటిని గడప దాటనివ్వకుండా అక్కడే పట్టి తునాతునకలు చేసే కాపలా ఒకటుంది. ఆ కాపలా కునుకు తీస్తే తప్పుడు సందేశాలు బయటపడతాయి, మనిషి కండరాలు మెల్లగా చచ్చుబడతాయి. ఆ సందేశాలకు మెరిసే రంగు పట్టించి, చుక్కలు లోపలున్నాయో బయటున్నాయో చూడటమే పరీక్ష.

నిరుడు ఈ పరీక్ష కొత్తగా పెట్టినప్పుడు మొదటి రక్తం ఆమె తమ్ముడిదే. "చేతిలో కప్పు నిలవట్లేదక్కా" అంటూ వచ్చాడు. చుక్కలు బయటే ఉన్నాయి. కానీ ఆమెవీ అచ్చు గుద్దినట్టు అలాగే ఉన్నాయి. మామూలు మనుషులకు ఇంతేనేమో అనుకుంది. తేడా లేదని రాసి, "వేషాలు మాని పనికి పో" అని వీపు మీద ఒకటి వేసింది. తర్వాత వచ్చిన నలుగురినీ అలాగే పంపేసింది.

ఇవాళ ఆమెకు జ్వరం. పెద్ద డాక్టరు ఆమె రక్తం వద్దన్నాడు. అంబులెన్సు డ్రైవరును బతిమాలి తీసుకుంది.

డ్రైవరు కణాల్లో చుక్కలన్నీ కేంద్రకంలోనే ఉన్నాయి. బయట ఒక్కటీ లేదు. రంగు సరిగా పట్టలేదనుకుని మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. అప్పుడు తన పాత స్లైడు తీసి పక్కన పెట్టింది. కణమంతా చుక్కలే. తనూ తమ్ముడూ ఒకే తల్లి పిల్లలు. ఒకరికి ఒకరిని కొలతగా పెట్టింది!

తన ఎడమచేతి చిటికెన వేలు నెల రోజులుగా తిమ్మిరెక్కుతోంది. ఏసీ చలి అనుకుంటూ వచ్చింది.

తమ్ముడికి ఫోను చేసింది.

"చెప్పక్కా! స్పీకర్లో పెట్టింది మీ మరదలు. చొక్కా గుండీలు కూడా తనే పెడుతోందిప్పుడు, రాజభోగం" అని నవ్వాడు. "మా ఊరి డాక్టరు చూపించుకోవడానికి రమ్మంటే పోలేదులే. మా అక్క చూసి ఏం లేదందని చెప్పాను."

"నేను తప్పుగా చూశానురా," అంది ఆమె. "ఈ పూటే బయల్దేరు."