ఏడాది ఆగమన్నాను

మా అక్కకు కోర్టులో విడాకులు మంజూరైన నెలన్నరకు మా బావ నాందేడులో నా గది వెతుక్కుంటూ వచ్చాడు. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు అది. నేను పత్తి మిల్లులో బేళ్ళు కట్టే పనిలో ఉన్నాను. చదువు ఏడో తరగతితో ఆగిపోయినా, షిఫ్టు దిగగానే వాచనాలయానికి, అంటే ఊరి గ్రంథాలయానికి పోయి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. మరాఠీలో అచ్చయిన చట్టాల పుస్తకాలు ఒక్కొక్కటే చదివాను. బిలోలి తాలూకాలోని మా ఊళ్ళో ఎవరికి సర్కారు కాగితం వచ్చినా ముందు నాకే చూపించేవారు. అది నాకు గొప్పగా ఉండేది.

ఆ విడాకులు కూడా నా చలవే. మా కులంలో ఆలుమగలు విడిపోవాలంటే పెద్దల ముందు గడ్డిపుల్ల విరుస్తారు. మరాఠీవాళ్ళు కాడీమోడ్ అనేది దీన్నే. బావ తాగి అక్క మీద చెయ్యి చేసుకున్నప్పుడు పెద్దలు పుల్ల విరుద్దామన్నారు. "పుల్ల ఏంది కాకా, కోర్టు ముద్ర ఉండాలె" అని నేనే అక్కను నాందేడు తీసుకుపోయి దావా వేయించాను. సమన్లు అందినా బావ పంతానికి రాలేదు. ఆయన లేకుండానే తీర్పు అయిపోయింది.

ఇప్పుడు గుమ్మం ముందు రుమాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"బామ్మర్ది, తాగుడు ఇడిసిపెట్టిన. మీ అక్క అంగట్ల కలిసింది. మల్ల అస్తనన్నది. గిప్పుడు ఎట్ల జెయ్యాలె?"

కోపం ఇంకా చల్లారలేదు. అయినా నన్నే అడిగాడని లోలోపల సంబరపడ్డాను. ఆ సాయంత్రమే హిందూ వివాహ చట్టం తిరగేశాను. తీర్పు కొట్టేయమని అడగడానికి ముప్పై రోజుల గడువు. అది దాటిపోయింది. ఇక మిగిలిన దారి, విడిపోయిన ఇద్దరూ కొత్త జంటలాగా మళ్ళీ పెళ్ళి చేసుకోవడమే. కానీ తీర్పు వచ్చిన ఏడాదిలోపు ఇద్దరిలో ఎవరూ పెళ్ళాడరాదని ఆ పుస్తకంలో ఉంది.

ఆదివారం ఊళ్ళో మా వాకిట్లో పెద్దలు కూర్చున్నారు. పెద్దమనిషి నవ్వాడు.

"అరె, చీర పెట్టి, గాజులు తొడిగి, కులపోళ్ళకు ఇంత బువ్వ పెడితె అయిపాయె. రేపే కలుపుదాం. దీనికి బుక్కెందుకురా వకీల్‌సాబ్?"

అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "చెల్లదు కాకా. ఏడాది లోపల జేస్తే గది పెండ్లే గాదు. పుట్టే పిల్లలకు భూమి రాకపోతె నువ్విస్తవా?"

భూమి మాట వినగానే బావ తల వంచుకున్నాడు. అక్క లోపలి నుంచి వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది.

"తమ్మీ, ఏడాది ఆగుడు పక్కానేనా?"

"పక్కా అక్కా. నా కండ్లతోని చదివిన."

అంతకు ముందు అక్క దావా వేసిన వకీలు నాందేడులోనే, మా మిల్లుకు నాలుగు వీధుల అవతలే ఉన్నాడు. ఒక్క మాట అడిగితే తేలిపోయేది. చదివినవాడిని, అడగడమేమిటి అనుకున్నాను.

వాళ్ళు నా మాట మీద ఆగారు. ఎనిమిదో నెలలో బావ తల్లికి కాలూ చెయ్యీ పడిపోయాయి. అక్క పోయి వండిపెడతానంది. పెళ్ళి కాకుండా ఆ ఇంట్లో అడుగు పెడితే రేపు చిక్కులొస్తాయని నేనే ఆపాను. తొమ్మిదో నెలలో సగరోళి అనే ఊరి దిక్కు పిల్లను తెచ్చి బావకు పెళ్ళి చేశారు.

బావను సంతలో పట్టుకుని అడిగాను.

"నేనైతె ఆగుదునే బామ్మర్ది. పొయ్యి ముట్టిచ్చెటోళ్ళు లేరు. అస్తనన్నదాన్ని నువ్వే రానియ్యకపోతివి."

ఏడాది నిండకుండా పెళ్ళాడాడు కదా, ఆ పెళ్ళి చెల్లదని కోర్టులో తేలుద్దామని అప్పుడు వకీలు దగ్గరికి పోయాను. సెక్షన్ అంకెతో సహా ఒప్పజెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు.

"అరే బాబా, ఏ కాలం పుస్తకం చదివావు? ఆ ఏడాది షరతు ఎమర్జెన్సీలోనే తీసేశారు. అప్పీలు గడువు దాటిన మర్నాడే ఎవరైనా పెళ్ళి చేసుకోవచ్చు. అతని పెళ్ళికి ఢోకా లేదు."

"మరి మా అక్కా బావా మళ్ళీ చేసుకోవాలనుకున్నారు. వాళ్ళు కూడా..."

"ఎప్పుడో చేసుకోవాల్సింది."

వాచనాలయానికి పోయి ఆ పుస్తకం తీశాను. మొదటి పేజీలో అచ్చయిన ఏడు ఉంది. సవరణకు ఎన్నో ఏళ్ళ ముందుది. అన్ని సెక్షన్లు చదివిన నేను ఆ ఒక్క పేజీ ఎప్పుడూ చూడలేదు.

ఊరికి పోయి అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"అంటె నా తీర్పు అయినంక నెలకే చేసుకునేదుండె?"

"అవునక్కా."

"పెద్దమనిషి రేపే అన్ననాడు చేసుకునేదుండె."

నేను తల ఊపాను.

"బావకు జెప్పినవా?"

"లే."

"జెప్పకు. ఇంట్ల ఇంకో పిల్ల ఉన్నది. తెలిస్తె కోపమంత దాని మీద తీస్తడు."

క్షమించమని అడిగాను. చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని రాళ్ళు ఏరసాగింది.

ఊళ్ళోవాళ్ళకు ఇదంతా తెలియదు. నేను వచ్చానంటే ఇప్పటికీ ఎవరో ఒకరు కాగితం పట్టుకుని మా వాకిట్లోకి వస్తారు, చదివి అర్థం చెప్పమంటారు. నేను చదవడం మొదలుపెట్టగానే అక్క చేతిలో పని వదిలి ఇంటి వెనక్కి వెళ్ళిపోతుంది. వాళ్ళు పోయేదాకా రాదు.