సముద్రం దిగినవాడితో కోరుట్ల నుంచి హైదరాబాదుకు

నా భర్త రమేశ్ గల్ఫ్‌లో చమురు బావుల దగ్గర డైవర్. నీటి అడుగున పైపులు బిగించడం, కారే చోట్లు సరిచేయడం ఆయన పని. మా పాప మొదటి పుట్టినరోజుకు అందుకోవాలని, ఆఖరిసారి నీళ్లలోంచి పైకొచ్చాక తీసుకోవాల్సిన విరామం పూర్తికాకుండానే విమానం ఎక్కాడు. కోరుట్లలో ఇల్లు చేరిన రాత్రి భుజం నొప్పి అన్నాడు. పొద్దున మంచం దిగబోయి కూలబడ్డాడు. ఎడమ కాలు మొద్దుబారింది.

కంపెనీ డాక్టరుకు ఫోన్ చేశాను. లోతులో ఒంట్లో కరిగిన గాలి, విరామం తీరకుండా విమానం ఎక్కడంవల్ల బుడగలై నరాలను దెబ్బతీస్తోందని, వెంటనే ఆక్సిజన్ పెట్టి, ప్రెషర్ చాంబర్ ఉన్న హైదరాబాదు ఆసుపత్రికి చేర్చమని చెప్పాడు. ఆలస్యమైతే కాలు తిరిగి రాకపోవచ్చన్నాడు.

ఏడింటికి ప్రైవేటు అంబులెన్సులో బయల్దేరాం. జగిత్యాల, కరీంనగర్ మీదుగా పోదామనుకున్నాను. డ్రైవర్ మల్లేశ్ వద్దన్నాడు. "గా దిక్కు రోడ్డు పని నడుస్తున్నదక్కా. కథలాపూర్, రుద్రంగి మీదికెల్లి సిరిసిల్ల పోదాం." రోడ్డు బాగానే ఉంది కానీ, స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ రమేశ్ పళ్లు బిగించాడు. రుద్రంగి దగ్గర వడ్ల ట్రాక్టర్లు అడ్డం వచ్చి బండి ఆగింది. అక్కడే ఆయన కుడి కాలు తడుముకున్నాడు.

"గీ కాలు గూడ తెలుస్తలేదు," అన్నాడు మెల్లగా.

గట్టిగా గిల్లాను. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఈలోగా ఆక్సిజన్ సిలిండర్ మీటరు ముల్లు ఎర్ర గీతకు చేరువైంది. మల్లేశ్ సిరిసిల్లలో తనకు తెలిసిన ఆసుపత్రికి ఫోన్ చేసి ఇంకో సిలిండర్ తయారుగా ఉంచమన్నాడు.

అక్కడి డ్యూటీ డాక్టరమ్మ పక్షవాతమేమో, చేర్చుకుని స్కాన్ చేద్దామంది. కంపెనీ డాక్టరుతో మాట్లాడించాను. ఫోన్ తిరిగి ఇస్తూ, "ఇసొంటి కేసు నేనెప్పుడు చూడలేదమ్మా. ఇక్కడ ఉంచుకుంటే లేటయితది. జల్దీ పోండి," అంది. రెండు సిలిండర్లు ఎక్కించింది. సిద్దిపేట ఎప్పుడు దాటామో నాకు గుర్తులేదు.

హైదరాబాదు ఆసుపత్రి చేరగానే ఆయన్ను చాంబర్‌లోకి తీసుకెళ్లారు. అదొక ఇనుప గది. లోపల సముద్రపు లోతులో ఉన్నట్టు ఒత్తిడి పెంచి, బుడగలు కరిగేలా చేసి, గంటలకొద్దీ మెల్లగా తగ్గిస్తారు. సాయంత్రం దాని గుండ్రటి అద్దంలోంచి చూశాను. రమేశ్ నా వైపు చూసి కుడి కాలి బొటనవేలు కదిపాడు.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. ఎడమ పాదంలో ఇంకా స్పర్శ పూర్తిగా రాలేదు. మళ్లీ నీళ్లలోకి దిగొచ్చో లేదో డాక్టర్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇన్నేళ్లూ ఆయన విమానం దిగాడని తెలిస్తే నిశ్చింతగా నిద్రపోయేదాన్ని. మీ ఇంట్లోనూ డైవర్ ఉంటే ఒక్క మాట: ఆఖరి డైవ్ తర్వాత ఎన్ని గంటలకు విమానం ఎక్కొచ్చో సూపర్‌వైజర్‌ను అడిగాకే టికెట్ తీయమనండి. ఇంటికొచ్చాక నొప్పో తిమ్మిరో ఉంటే, ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు సముద్రంలో డైవింగ్ చేస్తాడనే చెప్పండి.