ఎంకపల్లి పటేల్ కారు చక్రాల తూకం

2006 జూన్ మొదటి వారంలో మా టైర్ల కంపెనీ నన్ను మెహదీపట్నం డిపోలో టెక్నికల్ సర్వీస్ ఇంజనీరుగా వేసింది. అక్కడినుంచి చేవెళ్ల దాకా రోడ్డంతా నా పరిధి. ఉద్యోగం పేరు పెద్దదే గానీ హోదా మధ్యస్థం. పైన ఏరియా మేనేజర్, కింద డీలర్లు, వాళ్ల దగ్గర ఫిట్టర్లు. టైరు పగిలినా, ఉబ్బినా, ఒక పక్కే అరిగినా కొన్నవాడు డీలరు మీద పడతాడు, డీలరు నా మీద పడతాడు. నేను వెళ్ళి చూసి, తప్పు తయారీదా, నడిపినవాడిదా తేల్చి, డాకెట్ అనే నాలుగు ప్రతుల ఫారం నింపాలి. ప్రతి లోపానికీ ఆ ఫారంలో ఒక గడి ఉండేది. టైరు తూకం తక్కువైందనే ఫిర్యాదుకు మాత్రం గడి లేదు. అలాంటి ఫిర్యాదు వస్తుందని ఫారం తయారుచేసినవాడు కలలో కూడా అనుకోలేదు.

మొయినాబాద్‌లో మా డీలరు కిష్టయ్య సేటు. వాళ్ల తాత ధాన్యం కొని అమ్మేవాడు, తండ్రి కిరాణం నడిపాడు, ఈయన టైర్లకు మారాడు. బతుకంతా ట్రాక్టరు టైర్ల మీదే. ఐటీ కంపెనీలు వచ్చి భూముల ధరలు లేచాక చుట్టుపక్కల ఊళ్ళలోకి కార్లు రావడం మొదలైంది. ఎంకపల్లి మాజీ సర్పంచ్ బుచ్చిరెడ్డి పటేల్ రోడ్డు పక్క ముక్క ఒకటి ఫామ్‌హౌస్ వాళ్లకు అమ్మి ఎర్రటి స్పోర్టీ సెడాన్ కొన్నాడు. రెండేళ్ళలో దాని టైర్లు అరిగిపోయాయి. కొత్తవి ఏ సైజు వేయాలో చెప్పమని సేటు నన్ను పిలిపించాడు.

కారుతో వచ్చిన సైజు 185/65 ఆర్ 15. అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం, రిమ్ము పదిహేను అంగుళాలు. పటేల్‌కు 205/65 కావాలి. "గింత సన్నగ ఉంటె ఎట్ల సారూ? ఎనకనించి చూస్తె ట్రాక్టరు లెక్క కనవడాలె" అన్నాడు. నేను కాగితం తీసి లెక్క వేశాను. ఆయన అడిగిన సైజు వేస్తే చక్రం రెండున్నర సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది. మలుపులో మడ్‌గార్డుకు రాసుకుంటుంది, స్పీడ్ మీటరు అబద్ధం చెబుతుంది. 195/60 అయితే వెడల్పు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఎత్తు దాదాపు అంతే ఉంటుంది, మోసే బరువూ అంతే. అదే రాసి సంతకం పెట్టాను. పెళ్ళి పంక్తిలో తన ఆకులో కూర తక్కువ పడ్డవాడిలా పటేల్ ఆ ఒక్క సెంటీమీటరుకేసి చూశాడు గానీ ఒప్పుకున్నాడు.

ఇక్కడ పటేల్ అలవాటు ఒకటి చెప్పాలి. ఆయన ఇంటినుంచి ఏ వస్తువూ తూకం వేయకుండా బయటికి పోదు. మిల్లుకు వడ్లు పోయినా, కంసాలికి బంగారం పోయినా ముందు ఇంట్లో జోకాలి, తిరిగొచ్చాక మళ్ళీ జోకాలి. చేవెళ్ల మార్కెట్లో ముప్పై ఏళ్ళు టమాటాలు అమ్మి, గంపగంపకూ తరుగు పేరుతో కోత పెట్టించుకున్న మనిషి. ఆ అలవాటును తప్పు పట్టలేను. కారును ఇంటి ముందు రాళ్ళ మీద నిలబెట్టి, నాలుగు చక్రాలూ విప్పించి, తన పెద్ద కాంటా మీద ఒక్కొక్కటే జోకించి, బరువులు కొట్టం గోడ మీద సుద్దతో రాయించాడు. తర్వాత డ్రైవర్ యాదయ్య వాటిని ట్రాక్టరు ట్రాలీలో సేటు దుకాణానికి తెచ్చాడు. సేటు ఆ పూట చేవెళ్లలో ఉన్నాడు. ఫిట్టర్ గౌస్ సాబ్ పాత టైర్లు తీసి, అవే రిమ్ములకు కొత్తవి ఎక్కించి, బ్యాలెన్సింగ్ చేసి పంపాడు.

సాయంత్రానికి చక్రాలు ఎంకపల్లి చేరాయి. కాంటా ఎక్కాయి. ఒక్కో చక్రం కిలోకు పైగా తక్కువ తూగింది.

మర్నాడు నేను వెళ్ళేసరికి దుకాణం ముందు పదిమంది ఉన్నారు. పటేల్ కుర్చీలో కూర్చుని, ఒక చక్రం నిలబెట్టి, రిమ్ము అంచుకు బిగించిన సీసం ముక్కను చూపుడువేలితో పొడుస్తున్నాడు. చక్రం సమంగా తిరగడానికి బ్యాలెన్సింగ్‌లో అలాంటి ముక్కలు రెండో మూడో పెడతారు. ఒక్కోటి తులం రెండు తులాలు ఉంటుంది. పటేల్‌కు అది దొంగతనానికి సాక్ష్యం.

"సూడుండ్రి! తూకం తక్కువైందని వానికే ఎర్కైంది. అందుకే సీసం అతికిచ్చిండు. సీసం పెట్టినంక గూడ కిలో తరుగు!" అన్నాడు.

సేటు ముఖంలో నెత్తురు చుక్క లేదు. టైరు పగిలిందంటే ఆయన భయపడేవాడు కాదు, నా మీదికి తోసేసేవాడు. ఇది తూకంలో మోసం అన్న మాట. మూడు తరాల వ్యాపారి ఇంటి మీద అంతకన్నా పెద్ద మాట లేదు. "సారూ, నేను అమ్మేది నగం మీద, ఒక్కొక్కదానికి ఇంత ధర అని. జోకి అమ్మేది కాదు. నన్ను పట్టుకొని తూకం దొంగ అంటున్నరు" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నాకు తెలిసిన శాస్త్రమంతా విప్పాను. కొత్త టైర్ల నిర్మాణం మారిందనీ, లోపలి తీగలు సన్నబడ్డాయనీ, చక్రం తేలికైతే కారు చురుగ్గా కదులుతుందనీ, బ్రేకు త్వరగా పడుతుందనీ పావుగంట చెప్పాను. కాబట్టి కిలో తగ్గడం మంచిదే అన్నాను. ఒక్క టైరునూ చేత్తో ముట్టలేదు.

పటేల్ శ్రద్ధగా విన్నాడు. లేచి నిలబడి జనం వైపు తిరిగాడు. "ఇన్నరు గద? తరుగు ఉన్నదని కంపెనీ ఇంజనీరు సారే ఒప్పుకున్నడు" అని ట్రాలీ ఎక్కి వెళ్ళిపోయాడు.

మూడు రోజుల్లో ఆ మాట ఆ పక్కనే ఉన్న ప్రొద్దుటూరు అనే పల్లె దాకా పాకింది. నాట్లకు ముందు ట్రాక్టరు టైర్లు అమ్ముడుపోయే రోజులవి. ఆర్డరు చెప్పినవాళ్ళు ఒక్కొక్కరే మాకు వద్దన్నారు. ఒక రైతు టైరు కొనడానికొచ్చి, ముందు గాలి తీసి జోకమన్నాడట, గాలి బరువు తనకు అంటగడతారేమోనని. ఇంకొకడు దున్నేటప్పుడు టైరుకు అంటుకునే మట్టి తూకం ఎవరి లెక్కలోకి వస్తుందని అడిగాడట. ఏరియా మేనేజర్ ఫోన్ చేసి, డాకెట్‌లో లేని ఫిర్యాదును కంపెనీ గుర్తించదన్నాడు. ఆ సంగతి మీరే ఎంకపల్లి వచ్చి పటేల్‌కు చెప్పండంటే ఫోన్ పెట్టేశాడు.

నాలుగో రోజు సేటు దుకాణానికి వెళ్తే ఆయన షట్టరు దూలానికి ఏదో వేలాడదీస్తున్నాడు. తాతకాలపు తరాజు. బస్తాలు తూచేది, ఒక్కో తట్టలో మనిషి కూర్చోవచ్చు. ఇంటినుంచి తెప్పించి, చింతపండుతో తోమించి, కాడకు బొట్టు కూడా పెట్టాడు. ఆయన రెండు రోజులుగా అన్నం ముట్టలేదని ఇంటివాళ్ళు చెప్పారు.

"సారూ, మీ లెక్కలు నాకు సమజ్ కావు. పాత టైర్లు నాలుగు నా దగ్గర్నే ఉన్నయి. పాతది ఒక దిక్కు, కొత్తది ఒక దిక్కు పెడ్త. నలుగురి ముంగట పెడ్త. తక్కువ తూగితె దుకాణం బంద్ జేస్త" అన్నాడు.

నా శాస్త్రం ప్రకారం కొత్తది తేలుతుంది. ఇంకో పది రోజులు ఆగమనీ, హెడ్డాఫీసు నుంచి ఉత్తరం తెప్పిస్తాననీ బతిమాలాను. ఆయన వినలేదు. అప్పటికే పటేల్‌కు కబురు పోయింది.

పదకొండింటికి పటేల్ ఎర్ర కారులో దిగాడు. తక్కువ తూకం చక్రాల మీదే వచ్చాడు, ఇంకో దారి లేదు గదా. యాదయ్య తలుపు తీసి పక్కన నిలబడ్డాడు. మెహదీపట్నం బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు వదులుకుని మరీ వచ్చారు. ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్ ఒకాయన, ఏ పని మీద వచ్చాడో గాని, ముందు వరుసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తరాజుకు పాసంగం లేదని, అంటే ఏ తట్టా ముందే ఒక పక్కకు మొగ్గడం లేదని, పటేల్ ముందు ఖాళీ తట్టలు ఊపి చూసుకున్నాడు. ఎడమ తట్టలో అరిగిన పాత టైరు పెట్టారు. కుడి తట్టలో కారుకు ఇప్పుడు వేసిన సైజు కొత్త టైరు, దుకాణంలోంచి పటేల్ తనే ఏరి పెట్టాడు.

నేను కళ్ళు మూసుకున్నాను. జనం "అరె!" అన్నారు. కళ్ళు తెరిస్తే కొత్త టైరు తట్ట దబ్బున కిందికి దిగి ఉంది.

అందరికన్నా ఎక్కువ నోరు తెరిచినవాడిని నేనే. అరిగిన టైరు సగం రబ్బరు రోడ్డుకే ఇచ్చేసింది, కొత్తది బరువుండక ఏమవుతుంది? ఆ మాత్రం సంగతి నా పావుగంట ఉపన్యాసంలో ఎక్కడా లేదు.

పటేల్ తట్టల చుట్టూ ఒకసారి తిరిగాడు. "కొత్తదే బరువైతె, చక్రం ఎట్ల తక్కువ తూగింది? నా కాంటా అబద్ధమా?" అన్నాడు. ప్రశ్న సరైనదే. రిమ్ములు అవే, టైర్లు బరువైనవి, చక్రం మాత్రం తేలికైంది. అందరూ నావైపు చూశారు.

దుకాణం మూల ట్రాక్టరు టైరుకు గాలి పడుతున్న గౌస్ సాబ్ పైపు పక్కన పెట్టి, గడ్డం తుడుచుకుని, "ట్యూబులు తీసిన గద సాబ్" అన్నాడు.

ఏ ట్యూబులు? ఆ కారువి ట్యూబ్‌లెస్ టైర్లు. గాలి నేరుగా టైరులోనే నిలుస్తుంది, లోపల ట్యూబు ఉండకూడదు. గౌస్ సాబ్ దుకాణం వెనక చెత్తకుప్పలోంచి నాలుగు జీపు ట్యూబులు, చాపల్లాంటి నాలుగు మందపాటి రబ్బరు ముక్కలు తెచ్చి పడేశాడు. ఆ ముక్కలు ట్రాక్టరు టైరు కోసి చేసినవి. టైరు తెగినచోట లోపల, టైరుకూ ట్యూబుకూ మధ్య పెట్టే వాటిని మా వృత్తిలో గేటర్లంటారు. అన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అరిచాను.

"ఎవ్వరు అడగలె గద సాబ్. అందరు మీతోనే మాట్లాడిన్రు. గీ రోడ్డుమీద కార్లన్నిట్ల ట్యూబులుంటయి" అన్నాడు.

యాదయ్య అప్పటికి కారు వెనక్కి జరిగాడు. పటేల్ ఒక్క చూపు చూసేసరికి మొత్తం కక్కేశాడు. రెండేళ్ళలో ఎన్నోసార్లు పంక్చరైంది. ఆ రోడ్డులో ట్యూబ్‌లెస్ అతికేవాడు ఒక్కడూ దొరకలేదు. పటేల్‌కు చెబితే తిడతాడని, పంక్చరు దుకాణాల్లో ఒక్కో చక్రంలో ట్యూబు తోయించి, కంతలకు గేటర్లు వేయించాడు. "మన పాత ట్రాక్టరు టైరే కోసిన పటేలా, బయటిది గాదు" అన్నాడు, అదొక పుణ్యమన్నట్టు. తూకం గొడవ మొదలైనప్పటి నుంచీ అతనికి సంగతి తెలుసు. చక్రాలు కాంటా మీద పెట్టిందీ, గోడ మీద బరువులు రాసిందీ అతనే.

సేటు ఒక ట్యూబూ, ఒక గేటరూ తీసి పాత టైరు మీద పెట్టాడు. ఎడమ తట్ట నెమ్మదిగా కిందికి వచ్చింది, కొత్తది పైకి లేచింది. కిలో తరుగు అందరి కళ్ళ ముందూ వేలాడింది.

"పటేలా, క్షమాపణ నాకక్కరలేదు. మా తాత తరాజు మీద చెయ్యి పెట్టి, తూకంల మోసం లేదని ఒక్క మాట చెప్పు" అన్నాడు సేటు.

పటేల్ కాడ మీద చెయ్యి పెట్టాడు. "తూకంల మోసం లేదు. కిష్టయ్య తూకం సక్కగున్నది" అని బస్టాండు దాకా వినిపించేలా చెప్పాడు. సేటు అక్కడే మెట్టు మీద కూలబడి పిల్లాడిలా ఏడ్చాడు. నాకూ కళ్ళు చెమర్చాయి, కాస్త సిగ్గుతో కూడా.

పటేల్ కారెక్కబోయి ఆగాడు. "నా ట్యూబులు, ముక్కలు డిక్కిల వెయ్యి యాదీ. ఇంటినుంచి పోయినంత తూకం ఇంటికి రావాలె" అన్నాడు. అవన్నీ డిక్కీలో వేశాక, ఈ లెక్కన తూకం ఎక్కువే పోతోందని సేటు కళ్ళు తుడుచుకుంటూ గుర్తుచేశాడు.

"అది కొసరు" అన్నాడు పటేల్, తలుపు వేసుకుంటూ.

ఆ వారమే ట్రాక్టరు టైర్ల ఆర్డర్లు తిరిగొచ్చాయి. తరాజు మాత్రం దూలానికి అలాగే ఉండిపోయింది. అడిగినా అడగకపోయినా ప్రతి టైరూ జోకి ఇవ్వడం సేటుకు అలవాటైంది. నేను డాకెట్‌లో 'ఇతరములు' గడిలో టిక్కు పెట్టి, 'తూకం సరిపోయినది' అని రాసి పంపాను. ఏరియా మేనేజర్ వివరణ అడిగాడు. ఇవ్వలేదు.

ఆ తర్వాత పదకొండేళ్ళు అదే పని చేసి రిటైరయ్యాను. ఏ ఫిర్యాదుకు వెళ్ళినా ఫారం తీసే ముందు, చక్రం విప్పింది ఎవరని అడిగి, మొదట ఆ మనిషితో మాట్లాడాను. ఎంకపల్లి పటేల్ కారుకు నేను వేసిన కొలతల్లో ఒక్క మిల్లీమీటరు తప్పు లేదు. నా శాస్త్రం నేను వల్లిస్తున్నంతసేపూ ఆ కిలో తరుగు నా వెనక ఇరవై అడుగుల దూరంలో, చెత్తకుప్పలో ఉంది.