నీలం తొట్టి దగ్గర

రెండు వారాల కిందట మా పెదనాయన మద్రాసు ఆసుపత్రిలో చనిపోయాడు. చిత్తూరులో నేను పత్రికకు కోర్టు వార్త రాస్తుండగా తంతి అందింది. జబ్బు మూత్రాశయంలో కంతి. కాళహస్తి చుట్టుపక్కల ఆయన రంగువేసిన నూలు చీరలు కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన ఎలా పోయాడో వాళ్లకు తెలియాలి.

ముప్పై ఏళ్లు తన కొట్టంలో నూలుకు రంగు వెయ్యడమే ఆయన పని. యుద్ధం ముగిసి విదేశీ రంగు డబ్బాలు మళ్లీ దొరికినప్పుడు పండగ చేసుకున్నాడు. పొడిని ఉత్తి చేత్తోనే తొట్టిలో కలిపేవాడు. తర్వాత వేలు ముంచి నాలుకకు రాసుకుని ఉప్పు చాలిందో లేదో చూసేవాడు.

"కన్ను మోసం చేస్తాదప్పా, నాలుక చెయ్యదు" అనేవాడు. ఎర్రటి నాలుక చాపి నన్ను వెక్కిరించేవాడు.

కొట్టం వెనక ఒక గోడ ఉంది. పనివాళ్లు ఒంటికి వెళ్లేది అక్కడికే. అప్పుడప్పుడూ ఎవరికో ఒకరికి ఎర్రగా పడేది. ఒంట్లో ఇంకిన రంగు అలా బయటికి పోతుందని అందరూ నమ్మారు. నొప్పి లేదు కాబట్టి భయమూ లేదు. "నా తొట్టి చిక్కగుండాది, నీదెట్టుండాదబ్బా?" అని నవ్వుకునేవాళ్లు.

పోయిన వేసవిలో నేను కొట్టానికి వెళ్లినప్పుడు పెదనాయన గోడ దగ్గర నుంచి నవ్వుతూనే వచ్చాడు.

"ఈ పొద్దు బో ఎరుపురా!"

"ఎన్నాళ్లనించి నీలం ముంచుతుండావు పెదనాయనా?"

"ఉగాది కాణ్ణించి. నెల దాటిపాయ."

"మరి ఎరుపు యాణ్ణించి వచ్చె?"

నవ్వు ఆగిపోయింది. తన చేతులు చూసుకున్నాడు. పక్క తొట్టిలో నూలు తిప్పుతున్న మామ, అంటే మా పెద్దమ్మ తమ్ముడు, కర్ర ఆపేశాడు.

ఆ వారమే ఆయన్ను మద్రాసు తీసుకెళ్లి చూపించాం. రంగుల కార్ఖానాల్లో పనిచేసే మగవాళ్లకు ఈ జబ్బు వస్తోందని తాను చదివినట్టు అక్కడి డాక్టరు చెప్పాడు. ఈయనకు రంగు వల్లే వచ్చిందని రుజువు చెయ్యలేనన్నాడు. మొదటిసారి ఎర్రగా పడినప్పుడే రావలసింది అన్నాడు. ఆ మొదటిసారి ఎప్పుడో పెదనాయనకు గుర్తు లేదు.

తిరిగొచ్చాక ఆయన కొట్టంలో ఒక కట్టుబాటు పెట్టాడు. నాలుకకు రాయకూడదు, తెల్లగుడ్డ పేలిక ముంచి చూడాలి. గోడ దగ్గరికి వెళ్లొచ్చినవాడు ఏ రంగో అందరికీ వినపడేలా చెప్పాలి.

"ఏం బావా, దానిక్కూడా దండోరా ఎయ్యాల్నా?" అన్నాడు మామ.

"ఎయ్యి. నేను పోయేదాకా ఇంటా. సిగ్గుపడితే నామాదిరే అయితారు, సూడండి."

పని చెయ్యలేని రోజుల్లోనూ వచ్చి తలుపు పక్కన చాప మీద కూర్చునేవాడు. వచ్చిన ప్రతివాణ్నీ "ఏం రంగురా?" అని అడిగేవాడు. "తెలుపే" అనేదాకా వదిలేవాడు కాదు.

కర్మలు ముగిశాక కొట్టానికి వెళ్లాను. తొట్లలో మళ్లీ నీలమే. చాప అక్కడే ఉంది. మామ గోడ దగ్గర నుంచి వచ్చాడు. ఏ రంగో చెప్పలేదు. నూలు తిప్పే కర్రలు ఒక్కొక్కటే ఆగాయి. మామ చాప వైపు చూసి, కొయ్యకు తగిలించిన చొక్కా తీసుకున్నాడు.

"అబ్బోడా, మద్రాసు బండి ఎన్నింటికి?"

గుండీలు పెట్టుకుంటున్న ఆయన వేళ్లు గోళ్ల దాకా నీలంగా ఉన్నాయి.