గుటక పడిన పూట

మా ఆయనది సెలూన్. కత్తెర ఆగినా ఆయన నోరు ఆగదు. కుర్చీలో కూర్చున్నవాడు తల కదిలించడానికి లేదు కదా, వినక చస్తాడా పాపం! పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పుడు కూడా మాట ముద్దముద్దగా అయిందే తప్ప ఆగలేదు. హమ్మయ్య అనుకున్నాను.

పోయింది మింగడం. అది నాకు తెలిసి చావలేదు. ఆసుపత్రిలో గ్లాసుతో నీళ్లు పట్టాను, పొలమారింది. నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారులెండి, షాపుకొచ్చేవాళ్లే అయ్యుంటారు" అన్నాను. మళ్లీ పట్టాను, మళ్లీ పొలమారింది. ఊరంతా ఈయన్నే తలుచుకుంటోందని మురిసిపోయాను కూడా. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరం, ఆయాసం.

అప్పుడొచ్చింది, మింగడం నేర్పే అమ్మాయి. "పిన్నిగారూ, బాబాయ్‌ని ఎవరూ తలుచుకోవట్లేదండీ. నీళ్లు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయి" అంది. నాకు తల తీసేసినట్టయింది. ముక్కులోంచి గొట్టం వేశారు. తిండీ నీళ్లూ అన్నీ అందులోంచే.

ఆ పిల్లకు గుటకలమ్మాయి అని పేరు పెట్టింది ఈయనే. రోజూ వచ్చి, ఏదో పొడి కలిపి చిక్కబరిచిన నీళ్లు చెంచాతో పట్టేది. గడ్డం గుండెకు ఆనించి మింగాలి. మింగాక "ఆ" అనాలి. గొంతులో గుడగుడ వినబడితే నీళ్లు ఇంకా అక్కడే ఉన్నట్టు. ఈయనేమో చెంచా నోట్లో ఉండగానే కబుర్లు మొదలెట్టేవాడు. పైగా గడ్డం దించమంటే ఎత్తేవాడు!

"బాబాయ్, నేను షేవింగ్ చెయ్యడానికి రాలేదండీ" అని పగలబడి నవ్వేది ఆ అమ్మాయి.

గొంతుకి బలం వచ్చిందట. తల కుదురుగా ఉంటేగా! మింగే పరీక్ష పెట్టిన ప్రతిసారీ పొలమారింది. చివరికి పెద్ద డాక్టరు తేల్చి చెప్పాడు: ఈసారి పరీక్షలోనూ పొలమారితే పొట్టకి చిల్లు పెట్టి గొట్టం వెయ్యాల్సిందే.

"నోటితో తినని బతుకూ ఒక బతుకేనా" అని ఈయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆపైన ఒక్క మాట లేదు. ఈ నోరు మూతపడితే నేనేమైపోవాలి?

పరీక్ష రోజు నేను వెళ్లి ఆయన కుర్చీ వెనక నిలబడ్డాను. మెడమీద అరచెయ్యి వేసి, షాపులో ఆయన గదమాయించినట్టే, "తల దించండి సార్! కదిలారంటే చెవి తెగుద్ది, నా పూచీ లేదు!" అన్నాను.

ఎన్ని తలలు వంచిన మనిషో, బుద్ధిగా వంచాడు. నోరు కూడా మూశాడు. అమ్మాయి ఆయన గొంతుమీద వేళ్లు ఆనించింది. గుటక పడింది.

"ఆ అనండి బాబాయ్."

"ఆ..."

గుడగుడ లేదు! ఇంకో చెంచా, అదీ శుభ్రంగా దిగింది. ఆఖరికి గ్లాసులోంచి మామూలు నీళ్లు. దగ్గు లేదు, దమ్ము లేదు. గుటకలమ్మాయి చిన్నపిల్లలా గెంతి నన్ను వాటేసుకుంది. ఏడ్చానో నవ్వానో నాకే తెలీదు.

"ఇప్పుడు మాట్లాడుకోండి బాబాయ్, మీ ఇష్టం" అంది.

ఆయన నీళ్ల సీసా చూపించాడు. ఇంకా కావాలేమోనని గ్లాసు నింపి అందించాను. తీసుకోలేదు. ఎడంచేత్తో నావైపే నెట్టాడు.

ఆయన ముందు తాగడానికి మనసొప్పక, ఇన్నాళ్లూ నేను వరండాలోకి పోయి గోడచాటున తాగి వచ్చేదాన్ని. ఆయనకు తెలియదనుకున్నాను.

"ఇంక చాటుకెళ్లకే" అన్నాడు. "నా ఎదురుగా తాగు."

ఆయన్నే చూస్తూ గ్లాసు ఖాళీ చేశాను.